బోర్డు మీద పేరు నమ్మి మొదలుపెట్టకు

తల్లీ,

న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్ పేటలోని కాట్జ్ డెలీ మీద, అంటే ఊరబెట్టిన, పొగబెట్టిన మాంసం శాండ్‌విచ్‌లు అమ్మే ఆ యూదుల డెలికటెసెన్ కొట్టు మీద, నువ్వు రాసి పంపిన నాలుగు పేజీలూ చదివాను. మీ అత్తయ్య కూడా చదివి బాగుందంది. నీ రాతలు ఆవిడకి ఎప్పుడూ బాగానే ఉంటాయి కాబట్టి అది లెక్కలోకి తీసుకోకు. నేను మాత్రం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "1888లో కాట్జ్ కుటుంబం స్థాపించిన ఈ డెలీ నేటికీ అదే చోట, అదే కుటుంబం చేతిలో నడుస్తోంది" అని రాశావు. చదవడానికి హాయిగా ఉంది. కానీ అందులో ఏడాది తప్ప మిగతాదేదీ నిలబడదు. ఆ ఏడాది కూడా కొట్టువాళ్ళు చెప్పుకునేదే.

1888లో లడ్లో స్ట్రీట్‌లో ఆ కొట్టు తెరిచింది ఐస్‌ల్యాండ్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు. అప్పటి పేరు 'ఐస్‌ల్యాండ్ బ్రదర్స్'. 1903లో విల్లీ కాట్జ్ అనే ఆయన చేరాక 'ఐస్‌ల్యాండ్ అండ్ కాట్జ్' అయింది. 1910లో అతని కజిన్ బెన్నీ వచ్చాడు. ఇద్దరూ కలిసి అన్నదమ్ముల వాటా కొనేశారు. అప్పుడుగానీ బోర్డు మీద కాట్జ్ పేరు ఒక్కటే మిగల్లేదు. 1917లో వాళ్ళ ఊరివాడే హ్యారీ టరౌస్కీ వాటా కొనుక్కుని చేరాడు. కొట్టు కూడా మొదట్లో రోడ్డుకి అవతలి పక్కన ఉండేది. సబ్‌వే తవ్వకాలొచ్చి ఇవతలికి మారాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ బోర్డు సంగతి. "కాట్జ్స్, దట్స్ ఆల్" అని రాసి ఉంటుంది, చూశావు కదా. బోర్డు రాసేవాడు వచ్చి ఏం రాయమంటారని అడిగితే, "కాట్జ్స్, అంతే" అన్నారట. వాడు ఆ 'అంతే' కూడా కలిపి రాసేశాడట. అందరూ నవ్వుకునే కథే. అయితే ఆ మాట అన్నది ఎవరనుకున్నావు? హ్యారీ టరౌస్కీ. అంటే ఊరంతటికీ తెలిసిన ఆ బోర్డు రాయించినవాడు కాట్జ్ కాదు. నీ చరిత్ర నిజానికి అక్కడ మొదలవ్వాలి.

ఆ తరవాతి వరస కూడా చూడు. విల్లీ పోయాక కొడుకు లెన్నీ వచ్చాడు. బెన్నీ 1979లో పోతే అల్లుడు ఆర్టీ మ్యాక్స్‌టీన్ వచ్చాడు. హ్యారీ 1980లో పోతే కొడుకు ఇజ్జీ వచ్చాడు. 1988లో, సరిగ్గా నూరేళ్ళు నిండిన ఏడాదే, వీళ్ళంతా కలిసి మార్టిన్ డెల్ అనే ఆయనకీ, ఆయన కొడుకు అలన్‌కీ, అల్లుడు ఫ్రెడ్ ఆస్టిన్‌కీ కొట్టు అమ్మేశారు. ఇప్పుడు చూసుకుంటున్నది అలన్ కొడుకు జేక్ డెల్. 2009 చివర్లో వచ్చాడు. కాట్జ్ ఇంటివాళ్ళు వెళ్ళిపోయి మూడున్నర దశాబ్దాలు దాటింది. కుటుంబం నడిపే కొట్టు అన్న మాట అబద్ధం కాదు, కాకపోతే ఒక్క కుటుంబం కాదు. తమ్ముళ్ళు, కజిన్లు, ఊరివాళ్ళు, అల్లుళ్ళు, చివరికి కొనుక్కున్నవాళ్ళు. మన వైపు ఇల్లరికపుటల్లుళ్ళ మీద నిలబడ్డ వ్యాపారాలు ఎన్ని లేవు?

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ క్రితం ఇక్కడి తెలుగువాళ్ళ సంచిక ఒకదానికి మన జిల్లాలోని ఒక టిఫిన్ హోటల్ చరిత్ర రాశాను. పేరు చెప్పనులే. బోర్డు మీద తాతగారి పేరుంది. మనవడు ఫోన్లో గంటసేపు చెప్పాడు, నేను రాసుకున్నాను, అచ్చయింది, నలుగురూ మెచ్చుకున్నారు. వారం తిరక్కుండా న్యూజెర్సీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "పొయ్యి దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడింది మా నాన్నండీ. సగం వాటా ఆయనది. మీ వ్యాసంలో ఆయన పేరు ఎక్కడుంది?" అంది. కోపంగా కూడా కాదు, మామూలుగానే. నా దగ్గర జవాబు లేదు. తరవాత ఆవిడ స్టాంపు కాగితం మీద రాసుకున్న భాగస్వామ్య ఒప్పందం జిరాక్స్ పంపింది. సంతకాల దగ్గర సిరా వెలిసిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ నా డెస్కులో ఉంది. శనివారం వస్తే చూపిస్తాను.

అందుకని, మనుషుల్ని కలిసే ముందు కాగితాలు చూడు. నేను లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నది స్థానిక చరిత్ర బల్ల దగ్గరే కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట విను. 1939 నుంచి 1941 దాకా న్యూయార్క్ నగరం పన్నుల కోసం తన అయిదు బరోల్లోనూ, అంటే అయిదు విభాగాల్లోనూ, భవనాలన్నిటికీ ఫొటోలు తీయించింది. ప్రతి ఫొటోలో బ్లాకు నంబరు, లాటు నంబరు ఉన్న పలక ఒకటి కనబడుతుంది. అవన్నీ మున్సిపల్ ఆర్కైవ్స్‌లో ఆన్‌లైన్‌లో ఉన్నాయి, డబ్బులక్కర్లేదు. నీ కొట్టు ఉన్న మూల వెతికి పట్టుకో. ఇప్పుడు హౌస్టన్ స్ట్రీట్ వైపు కనిపిస్తున్న ముఖభాగం 1946-49 మధ్య కట్టింది. అంతకు ముందు ఆ ఖాళీ స్థలంలో మాంసం పీపాలు, ఊరగాయ పీపాలు పెట్టుకునేవారని చెబుతారు. ఫొటోలో అది తెలుస్తోందో లేదో నీ కళ్ళతో చూసి అప్పుడు రాయి. అన్నట్టు టెక్సాస్‌లో ఊరు హ్యూస్టన్, ఇక్కడ వీధి హౌస్టన్. హ్యూస్టన్ అన్నావంటే కౌంటర్ దగ్గర నవ్వుతారు.

జనాభా లెక్కలు కూడా తియ్యి. డెబ్బై రెండేళ్ళు దాటితేగానీ బయటపెట్టరు కాబట్టి 1950 దాకానే దొరుకుతాయి, 1960వి 2032లో వస్తాయి. 1900 నుంచి 1930 దాకా ప్రతిసారీ ఏ ఏట అమెరికా వచ్చారని అడిగారు. 1920లో మాతృభాష కూడా అడిగారు. ఈ పేటలో పేజీ తర్వాత పేజీ 'యిడ్డిష్' అనే రాసి ఉంటుంది, తూర్పు యూరప్ యూదుల భాష అది. ఒకే ఇంట్లో తండ్రి వృత్తి దగ్గర డెలికటెసెన్ అనీ, కొడుకు వృత్తి దగ్గర క్లర్కు అనీ కనిపిస్తే అక్కడ ఆగు, ఆ రెండు గళ్ళలోనే సగం కథ ఉంటుంది.

మూడో పేజీలో ఐస్‌ల్యాండ్ సోదరులు వలస వచ్చేవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో దిగారని, అక్కడి గుమాస్తా వాళ్ళ పేరు మార్చేశాడని రాశావు. అది కొట్టెయ్. ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో. 1888లో మాంసం అమ్ముతున్నవాళ్ళు అక్కడెలా దిగుతారమ్మా? అప్పట్లో వలస వచ్చేవాళ్ళు క్యాజిల్ గార్డెన్‌లో దిగేవారు. గుమాస్తాలు పేర్లు మార్చారన్నది కూడా వట్టి పుకారు. వాళ్ళ చేతిలో ఉండేది ఓడవాళ్ళు ఇచ్చిన జాబితా, దాన్ని చూసి సరిచూసుకునేవారంతే. పేర్లు మార్చుకున్నది తరవాత, తమంతట తామే, బడిలోనో వ్యాపారంలోనో సుఖంగా ఉంటుందని. మనవాళ్ళు మాత్రం? పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండబట్టి ఇక్కడ ఆఫీసులో నన్ను ముప్ఫై ఏళ్ళు మా తాతల ఊరి పేరుతో పిలిచారు.

ఇక కథల సంగతి. ఈ కొట్ల చుట్టూ కథలు ఈగల్లా ముసురుతాయి. తోలెయ్యకు, అలాగని ఉన్నదున్నట్టు మింగెయ్యకు. రెండో ప్రపంచ యుద్ధంలో యజమానుల కొడుకులు ముగ్గురు సైన్యంలో ఉంటే ఇంటివాళ్ళు వాళ్ళకి సలామీలు, అంటే ఊరబెట్టి ఆరబెట్టిన మాంసం సాసేజీలు, పంపేవారు. అందులోంచి "సైన్యంలో ఉన్న మీ అబ్బాయికి ఓ సలామీ పంపండి" అన్న నినాదం పుట్టింది. న్యూయార్క్ యాసలో సలామీకి, ఆర్మీకి ప్రాస కుదురుతుంది, అందుకే అంత అతుక్కుంది. దాన్ని కట్టింది ఇజ్జీ వాళ్ళమ్మ రోజ్ టరౌస్కీ అని కొట్టువాళ్ళు చెబుతారు. సిక్స్త్ ఎవెన్యూలో ఇంకో డెలీలో వెయిటర్‌గా పనిచేసిన లూయీ ష్వార్ట్జ్ కట్టాడని మరికొందరంటారు. నువ్వు న్యాయమూర్తివి కాదు. ఇద్దరి పేర్లూ రాసి, ఎవరి మాట ఎవరు చెప్పారో రాసి ముందుకు వెళ్ళు. పాస్ట్రామీ అంటే ఉప్పులో ఊరబెట్టి, మసాలా పట్టించి పొగబెట్టిన మాంసం. ఆ శాండ్‌విచ్ అసలు మొదట చేసింది లిథువేనియా నుంచి వచ్చిన సస్‌మన్ వోల్క్ అనే కసాయి అని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. ఎవరో రుమేనియా స్నేహితుడి పెట్టె దాచిపెట్టినందుకు ప్రతిఫలంగా ఆ తయారీ చెప్పాడట. ఇంత ముచ్చటైన కథకి సాక్ష్యం ఆ ఇంటివాళ్ళ నోటిమాటే. రుమేనియా యూదులు ఆ వంటని ఇక్కడికి తెచ్చారన్నది మాత్రం గట్టిమాట. అక్కడ పెద్దబాతు మాంసంతోనూ, గొర్రెమాంసంతోనూ చేసేవారు, ఇక్కడ గొడ్డుమాంసం చవక కాబట్టి దానికి మారారు. ఆ చవక కూడా నిలకడ లేనిదే. 1902లో కోషర్ మాంసం, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం కోసిన మాంసం, పౌను 12 సెంట్ల నుంచి 18కి పెరిగితే ఈ పేట ఆడవాళ్ళు వీధుల్లోకొచ్చి కొట్లు మూయించారు. ఆ మే నెల పేపర్లు తిరగెయ్యి, చాలా బావుంటాయి.

కోషర్ అన్నాను కదా, అక్కడ ఒక జాగ్రత్త. నువ్వు కాట్జ్‌ని 'కోషర్ డెలీ' అని రెండుసార్లు రాశావు. కాదు. మాంసం, పాలు కలవకూడదన్నది మడిలాంటి నియమం. ఇక్కడ మాంసం మీద చీజ్ వేసిన శాండ్‌విచ్ అమ్ముతారు, శనివారం కూడా తెరిచే ఉంటుంది. అది 'కోషర్ స్టైల్', అంటే రుచి ఆ పద్ధతిది, నియమం కాదు. అదే వీధిలో కాస్త దూరంలో ఉన్న రస్ అండ్ డాటర్స్‌ని డెలీ అని రాయకు, వాళ్ళు ఊరుకోరు. మాంసం అమ్మేది డెలీ. పొగబెట్టిన చేపలు, క్రీమ్ చీజ్ అమ్మేదాన్ని 'అపిటైజింగ్' అంటారు.

ఆ కొట్టుకి నీ వ్యాసంలో ఒక పేరా ఇయ్యి, ఎందుకో చెబుతాను. జోయెల్ రస్ అనే ఆయన పీపాల్లో ఉప్పుచేపలు అమ్ముకుంటూ 1914లో కొట్టు పెట్టాడు. కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్ళు, హ్యాటీ, ఐడా, ఆన్. చిన్నప్పటినుంచీ కొట్లో చేపలు కోశారు. 1930ల్లో వాళ్ళని భాగస్తుల్ని చేసి బోర్డు మీద 'అండ్ డాటర్స్' అని రాయించాడు. ఆ రోజుల్లో 'అండ్ సన్స్' తప్ప ఇంకోటి ఎవరూ ఎరగరు. చూశావా, ఒక్కోసారి బోర్డు నిజమే చెబుతుంది! మూడో తరంలో ఆ ఇంటి మనవడు లాయరు పని వదిలి 1978లో చేపల కొట్టుకి తిరిగొచ్చాడు. ఇప్పుడు నాలుగో తరం నడుపుతోంది. మిగతా డెలీల్లో కూడా ఆడవాళ్ళు లేకపోలేదు, బోర్డు మీద లేరంతే. గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చునేవారు, లెక్కలు ఎవరి చేతిరాతలో ఉన్నాయి, ఇంట్లో వండి పంపిందెవరు అని అడిగితే పేర్లు వాటంతటవే బయటికొస్తాయి.

సొంత ఇల్లా, అద్దా? ఇది తప్పకుండా అడుగు. కుర్రాళ్ళు దీన్ని మర్చిపోయి రుచి గురించి పేజీలు నింపుతారు. 1930ల్లో ఈ మహానగరంలో కోషర్ డెలీలే 1,500కు పైగా ఉండేవంటారు. ఇవాళ పట్టుమని కొన్ని మిగిలాయి. 1924 చట్టం వలసల తలుపు మూసేసింది, పిల్లలు డాక్టర్లూ లాయర్లూ అయి సబర్బ్స్‌కి వెళ్ళిపోయారు, అవన్నీ నిజమే. కానీ చాలా కొట్ల ఆఖరి పేజీ మీద ఉండేది అద్దె లెక్కే. సెకండ్ ఎవెన్యూ డెలీ కథ చూడు. ఏబ్ లెబెవోల్ యుద్ధకాలంలో బతికి బయటపడి, ఇటలీ శరణార్థి శిబిరంలో ఉండి, ఈ దేశం వచ్చి కౌంటర్ల వెనక పనిచేసి, 1954లో టెన్త్ స్ట్రీట్ మూల సొంతంగా కొట్టు పెట్టాడు. యిడ్డిష్ నాటకశాలలున్న వీధి అది, ఆ నటీనటుల పేర్లని కొట్టు ముందు ఫుట్‌పాత్‌లో చెక్కించాడు. 1996 మార్చి 4న బ్యాంకులో డబ్బు కట్టడానికి వెళుతుంటే ఎవరో కాల్చి చంపారు. ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. తమ్ముడు జాక్ లాగుకొచ్చాడు. అంత దుఃఖాన్ని తట్టుకున్న కొట్టు, అద్దె పెంపు గొడవతో 2006 జనవరిలో మూతపడింది. ఆ మూలన తరవాత బ్యాంకు బ్రాంచి తెరిచారు. జాక్ కొడుకు జెరెమీ 2007 డిసెంబరులో థర్టీ థర్డ్ స్ట్రీట్‌లో మళ్ళీ తెరిచాడు. కాట్జ్ వాళ్ళది సొంత భవనం. పక్కన ఎత్తుగా కట్టుకునేవాళ్ళకి తమ నెత్తి మీది ఖాళీ జాగా హక్కుని అమ్ముకోగలిగారు. ఇక్కడ గాలిని కూడా రిజిస్ట్రేషన్ చేస్తారు తల్లీ. ఆ దస్తావేజులు నగరం వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

ఆదివారం ఇంటర్వ్యూ అన్నావు. దానికి ముందే ఒకరోజు ఒక్కదానివీ వెళ్ళు, వారం మధ్యలో, మధ్యాహ్నం మూడింటికి. గుమ్మంలో ఒక టికెట్ చేతిలో పెడతారు. నువ్వు ఏం తిన్నా దాని మీదే రాస్తారు, బయటికొచ్చేటప్పుడు చూపించి డబ్బు కట్టాలి. పోగొట్టుకుంటే యాభై డాలర్లు కట్టమంటారు. నోట్‌బుక్‌లో పెట్టుకో, జీన్స్ జేబులో వద్దు.

నువ్వు మాంసం తినవని తెలుసు. చూడటానికి అభ్యంతరం లేదు కదా, కౌంటర్ పక్కన పావుగంట నిలబడు. అమ్మమ్మకి మాత్రం ఈ పేరా చదివి వినిపించకు. పాస్ట్రామీ ముక్కని వారాల తరబడి ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి, ఉడికించి, ఆవిరి మీద ఉంచుతారు. కత్తి పెట్టేసరికి పైన నల్లటి పొర చిట్లుతుంది. మిరియాలు, ధనియాలు, మన పోపులపెట్టెలోవే. మిషన్ మీద కొయ్యరు. కోసేవాడు ముక్కని ఎడమచేత్తో అదిమిపెట్టి, పోగుకి అడ్డంగా కోస్తాడు. పోగు దిశ మారినప్పుడల్లా ముక్కని తిప్పుతాడు, తల దించి చూడడు, వేళ్ళతోనే తెలుసుకుంటాడు. ముందు ఒక చిన్న ముక్క ప్లేటులో పెట్టి వరసలో ఉన్నవాడికి రుచి చూపిస్తాడు. ఆ చేతుల్ని రాయి. ఆ చేతులున్నవాళ్ళు ఇవాళ చాలామంది లాటిన్ అమెరికా కుటుంబాలవాళ్ళు. ఈ పేటకి ప్యూర్టోరికో వాళ్ళు రావడం మొదలై డెబ్బై ఏళ్ళు దాటింది. ఈ కొట్టు చరిత్రలో వాళ్ళు లేకపోతే నువ్వూ నాలాగే ఫోన్ కాల్ అందుకుంటావు.

నీకు తినడానికి ఊరగాయలున్నాయి. దోసకాయల్ని వెనిగర్ లేకుండా ఉప్పునీళ్ళలోనే ఊరేస్తారు. కొద్దిరోజులు ఊరినవి పచ్చగా కరకరలాడతాయి, బాగా ఊరినవి రంగు మారి పుల్లగా ఉంటాయి. రెండూ అడుగు. క్నిష్ కూడా ఉంది, బంగాళాదుంప కూర పిండిలో పెట్టి కాల్చింది. అయితే దానికోసం అదే హౌస్టన్ స్ట్రీట్‌లో 1910 నుంచి ఉన్న యోనా షిమ్మెల్ కొట్టుకి వెళ్ళడం మేలు. అదీ కుటుంబాల కొట్టే. 'ఎగ్ క్రీమ్' అని ఒక డ్రింకు ఉంటుంది, పేరు చూసి భయపడకు. అందులో గుడ్డూ లేదు, క్రీమూ లేదు. పాలు, సోడా, చాక్లెట్ సిరప్, అంతే.

ఆదివారం యజమాని దగ్గర "మీ చరిత్ర చెప్పండి" అని మాత్రం అడక్కు. వందమందికి చెప్పిన పాఠం అప్పగిస్తారు. పాత ఫొటో ప్రింట్ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి ఊరుకో. "ఇది మా వైపు గుమ్మం, ఇక్కడ ఫలానా ఆయన నిలబడేవాడు" అని వాళ్ళే మొదలెడతారు. శుక్రవారం ఈ పేటంతా సాసేజీలు, చిక్కుడుగింజలు తినడానికి అక్కడికి వచ్చేవారట. అలాంటిదేదైనా అడుగు, ఆ రోజు ఎవరు ముందు వచ్చేవారు, ఎవరు అప్పు పెట్టేవారు. ఐస్‌ల్యాండ్ అన్నదమ్ముల సంగతి చివర్లో అడుగు. ఏమీ తెలియదంటే అదీ రాసుకో.

శనివారం పొద్దున్నే వచ్చెయ్, భోజనం ఇక్కడే. క్నిష్‌లు రెండు పట్టుకురా, మస్టర్డ్ విడిగా కట్టించు. మీ అత్తయ్య దాన్ని ఆవపెట్టిన కూరతో పోల్చి గంటసేపు చెబుతుంది, నువ్వు వినాలి.

నీ
మామయ్య